కిటికీ అద్దం పగిలిందా? టేపు పట్టుకుని మీరే కొలవండి!

వేసవి సెలవులొస్తే సందంతా క్రికెట్టే కదా! ఆ బంతి ఒకటి మా వంటింటి కిటికీలోంచి నేరుగా స్టవ్ పక్కకి వచ్చి పడింది. గాజుపెంకులు కూరగిన్నెలో పడ్డాయేమోనని కూరంతా పారబోశాను. (అలాంటప్పుడు పైపైన తీసేసి తిందామని మాత్రం అనుకోకండి.) కూర పోతే పోయింది, అసలు కథ అద్దాల షాపులో మొదలైంది.

మా అద్దం కొలత 14 అంగుళాలకి 20. అంటే 280 చదరపు అంగుళాలు. చదరపు అడుగుకి 144 అంగుళాలు కాబట్టి రెండడుగులు కూడా నిండలేదు. బిల్లు చూస్తే మూడడుగులకి వేశారు! ఏమిటని అడిగితే తెలిసింది, ఆ షాపులో ప్రతి కొలతనీ 6 అంగుళాల లెక్కకి పైకి సర్దుతారట. 14 కాస్తా 18 అయింది, 20 కాస్తా 24. పక్క వీధి షాపులో 3 అంగుళాల లెక్క. అక్కడ అదే అద్దం 15కి 21, రెండుంపావు అడుగుల లోపే. అందుకని అడుగు ఎంత అని అడిగి ఊరుకోకండి, ఎన్ని అంగుళాలకి సర్దుతారో కూడా అడగండి. రేటు తక్కువని వెళితే బిల్లు ఎక్కువ కావచ్చు.

కొలత ఎలా తీయాలంటారా? చెక్క కిటికీ అయితే ముందు బీడింగు ఊడదీయాలి, అద్దం అంచు దాని కింద దాక్కుని ఉంటుంది. పాత తలుపులు వంగి ఉంటాయి కనుక పైన, మధ్యన, కింద మూడుచోట్లా కొలిచి, అన్నిటికన్నా చిన్న కొలత తీసుకోండి. అందులోంచి మరో 3 మిల్లీమీటర్లు తగ్గించండి. బిగుతుగా దూర్చితే వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు అద్దం మళ్ళీ చిట్లుతుంది. టఫెండ్ అద్దమైతే మరీ జాగ్రత్త, ఒకసారి తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు. కొలత తప్పితే డబ్బు గోవిందా!

చిన్న కిటికీలకి 4 మిల్లీమీటర్ల మందం చాలు. అది చదరపు అడుగు దాదాపు కిలో తూగుతుంది, పెద్ద అద్దాన్ని ఒంటరిగా ఎత్తకండి. బిగించే మనిషి ఒక అద్దానికొచ్చినా మూడింటికొచ్చినా రాకపోకల కూలి ఒకటే కనుక, బీట పడ్డవన్నీ ఒకేసారి చేయించుకోండి.

మసకబారిన అద్దమైతే మార్చే ముందు ఒక ప్రయత్నం చేయండి. బోరునీళ్ళ తెల్లమరకల మీద వెనిగర్ తడిపిన గుడ్డ పావుగంట ఉంచి తుడిస్తే చాలావరకు పోతాయి. ఏళ్ళ తరబడి నీళ్ళు కారి గాజే కొరుక్కుపోయి ఉంటే మాత్రం ఎంత తోమినా లాభం లేదు. కొత్త అపార్టుమెంట్లలో కొన్నిచోట్ల రెండు పొరల అద్దాలుంటాయి. ఆ పొరల మధ్య ఆవిరి పట్టిందంటే సీలు పోయినట్టే. అప్పుడు కిటికీ మొత్తం మార్చాలని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. ఫ్రేము బాగుంటే అద్దాల జత మారిస్తే సరిపోతుంది.

అద్దె ఇల్లైతే ఖర్చెవరిది? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కిటికీ, తలుపుల అద్దాలు మార్చడం అద్దెకున్నవారి జాబితాలోనే ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. ఆ చట్టం కూడా నమూనాయే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలు. కాబట్టి ఇంట్లో దిగేరోజే బీటలున్న అద్దాలు ఓనరుగారికి చూపించి కాగితం మీద రాయించుకోండి. మా వదిన అలా చేయక, తను పగలగొట్టని బాత్‌రూమ్ అద్దానికి అడ్వాన్సులోంచి డబ్బు పోగొట్టుకుంది.

పగిలిన ముక్కలు తీసేటప్పుడు చెప్పులేసుకుని, పై ముక్కలు ముందు తీయండి. నేలమీద కంటికి కనపడని నలుసుల్ని తడి చపాతీపిండి ముద్దతో అద్దితే అంటుకొస్తాయి. అన్నీ అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, పైన పెద్దక్షరాలతో ‘గాజు’ అని రాయండి. మర్నాడు పొద్దున్న ఆ చెత్త ఎత్తే అమ్మాయి చేతులకి గ్లవుజులుండవు.