ఎనభై వేల ఫోను నెలకు ఎంత పడుతుంది?

2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 మన దేశంలో 79,900 రూపాయలకు వచ్చింది. అందులో 12,188 రూపాయలు జీఎస్టీయే. 2020 మార్చి దాకా సెల్‌ఫోన్ల మీద 12 శాతం ఉన్న పన్ను ఆ ఏప్రిల్ 1 నుంచి 18 అయింది. లెక్క సులువుగా ఉండటానికి ధర 80 వేలనుకుందాం. కొనాలా వద్దా అని ఇంట్లో మాట మొదలైతే అందరి నోళ్ళలోనూ ఈ అంకే నానుతుంది. ఒకరు అమ్మో అంటారు, ఇంకొకరు ఈఎంఐ ఉందిగా అంటారు. నిర్ణయానికి నిజంగా పనికొచ్చే అంకె వేరే ఉంది. కొన్న ధరలోంచి, చివర్లో అమ్మితే వచ్చే డబ్బు తీసేసి, వాడిన నెలలతో భాగించాలి.

80 వేల ఫోను నాలుగేళ్ళు వాడి 20 వేలకు అమ్మారనుకోండి. 60 వేలు, 48 నెలలు. నెలకు 1,250. అదే ఫోను రెండేళ్ళకే మోజు తీరి 35 వేలకు ఇచ్చేస్తే 1,875. ఇక 20 వేల ఫోను మూడేళ్ళు వాడి, 2 వేలకు ఎవరికో ఇచ్చేస్తే సరిగ్గా 500. మధ్యలో 35 వేల ఫోను ఉంది. నాలుగేళ్ళు వాడి 5 వేలకు అమ్మితే నెలకు 625. అమ్మకపు ధరలు నేను వేసుకున్న అంచనాలు. మీ ఊళ్ళో పాత ఫోన్ల కొట్టు చెప్పే ధర వేసి చూసుకోండి, పెద్ద తేడా రాదు. 20 వేల నుంచి 35 వేలకు ఎక్కితే నెలకు పెరిగేది 125. అక్కణ్నుంచి 80 వేలకు ఎక్కితే ఖర్చు రెట్టింపవుతుంది.

ఖరీదైన ఫోను కొనేవాళ్ళు సాధారణంగా చెప్పే మాట: "ఒకసారి మంచిది కొంటే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు." ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 2015 ఆగస్టులో షావోమీ విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేసింది. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారుచేసిన ఫోను, 6,999 రూపాయలు. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ. ఆ 16లో సిస్టమ్‌కు పోగా మిగిలిన జాగాను వాట్సాప్ వీడియోలే తినేసేవి. చవక ఫోను ఏడాది తిరక్కుండా నత్తనడక నడిచే రోజులవి. అప్పట్లో ఆ వాదన నిజమే.

ఇప్పుడు కాదు. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 ఏడేళ్ళ అప్‌డేట్ల హామీతో వచ్చింది, 79,999 రూపాయలకు. అదే శామ్‌సంగ్ అదే ఏడాది అక్టోబరులో ఎ16 5జీని 18,999కి తెచ్చి ఆరేళ్ళ హామీ ఇచ్చింది. ఒక్క ఏడాది తేడా. మన్నిక ఒక్కటే చూపి ఖరీదైన ఫోనును సమర్థించాలంటే అది కూడా 20 వేల ఫోనులా నెలకు 500కు దిగాలి. చివర్లో పైసా కూడా రాకపోతే అందుకు 160 నెలలు వాడాలి. అంటే పదమూడేళ్ళ నాలుగు నెలలు. కంపెనీ ఏడేళ్ళకే చేతులు దులుపుకుంటుంది. కాబట్టి ఎక్కువ కాలం వస్తుందని, డబ్బు ఆదా అవుతుందని మాత్రం కొనకండి. ముచ్చటపడి కొంటున్నానని చెప్పుకుంటే అదొక పద్ధతి. ఆ ముచ్చటకు నెలకు 750 అదనంగా పెట్టొచ్చా లేదా అన్నది ఎవరి జేబును బట్టి వాళ్ళది.

అయితే అలా ఎక్కువ పెట్టిన డబ్బుకు నిజంగా వస్తువు దక్కే చోటు ఒకటుంది. బడి వార్షికోత్సవం. పాప వేదిక మీద కూచిపూడి చేస్తోంది, మీకు వెనక వరసలో కుర్చీ దొరికింది. 50 మెగాపిక్సెళ్ళ మామూలు కెమెరాలో 10ఎక్స్‌కు లాగారు. జూమ్ లెన్స్ లేని ఫోను అక్కడ చేసేది దగ్గరకు తేవడం కాదు, చుట్టూ కత్తిరించడం. పొడవులో పదో వంతు, వెడల్పులో పదో వంతు, మొత్తంలో నూరో వంతు. 50 మెగాపిక్సెళ్ళలో మిగిలేది అర మెగాపిక్సెల్. దాన్నే సాగదీసి, రంగులద్ది చూపిస్తుంది. పాప ముఖం మైనపు బొమ్మలా నున్నగా కనిపించేది అందుకే. 1,29,999కి వచ్చిన ఎస్24 అల్ట్రాలో 5ఎక్స్‌కు వేరే లెన్స్, దాని వెనక ఇంకో 50 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి. దాని మీద 10ఎక్స్ అంటే రెండింతలే కత్తిరింపు, నాలుగో వంతు మిగులుతుంది: పన్నెండున్నర మెగాపిక్సెళ్ళు. కళ్ళ కాటుక కూడా తెలుస్తుంది. పెళ్ళిళ్ళకు రీల్స్ తీసి బతికేవాళ్ళకు, యూట్యూబ్ నడిపేవాళ్ళకు ఇది పెట్టుబడి, వాళ్ళకు ఈ వ్యాసం అక్కర్లేదు. మిగతావాళ్ళు మాత్రం గ్యాలరీ తెరిచి, పోయిన ఏడాది జూమ్ చేసి తీసిన ఫొటోలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే మంచిది.

మనం కొత్త ఫోన్లను ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోతాం. అసలు పోటీ చేతిలో ఉన్న పాత ఫోనుతో. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా, ఫోను విషయంలో ఆ రోతలో ముప్పాతిక భాగం బ్యాటరీదే. మధ్యాహ్నానికే 20 శాతం, పవర్ బ్యాంకు మోత, ఉన్నట్టుండి ఆగిపోవడం. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్ల వేగాన్ని తానే తగ్గిస్తున్నట్టు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. గోల రేగడంతో అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడిని 2018 మొత్తం 29 డాలర్లకే చేసింది. 2019 జనవరి 2న ఆపిల్ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు ఉత్తరం రాశాడు: ఆ త్రైమాసికంలో 89 నుంచి 93 బిలియన్ డాలర్లు వస్తాయనుకున్న ఆదాయం 84 దగ్గరే ఆగుతోందని. ప్రధాన కారణం చైనాలో అమ్మకాలు పడిపోవడం. కానీ కొత్త ఐఫోన్లు అనుకున్నన్ని పోకపోవడానికి ఆయన చెప్పిన కారణాల్లో చవగ్గా బ్యాటరీ మార్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఫోను అమ్మేవాడే రాసిచ్చిన సాక్ష్యం ఇది. ఇంతకన్నా ఏం కావాలి!

బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో కూడా లెక్కగట్టొచ్చు. పాత ఐఫోన్ల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యంతో ఉండేలా తయారయ్యేవి. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1,000. రోజుకు 70 శాతం ఖర్చు చేసేవారికి 500 అంటే రెండేళ్ళు కూడా రాదు, 1,000 అంటే దాదాపు మూడేళ్ళ పదకొండు నెలలు. మీ ఫోను రెండు మూడేళ్ళదై, ఒక్క ఛార్జింగే బాధైతే, రిపేరు కొట్టుకు వెళ్ళండి, షోరూముకు కాదు.

అన్నట్టు, కొట్టులోనే ఖరీదైన ఫోను ఇంకో రూపం చూపిస్తుంది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్లో పగిలిన ఫోను చేతికివ్వగానే "కాంబో పోయిందన్నా, ఒరిజినల్ వెయ్యమంటారా, కాపీనా?" అని అడుగుతారు. కాంబో అంటే గాజు, డిస్‌ప్లే కలిపి వచ్చే పలక. కాపీ వేస్తే రంగులు వెలిసిపోతాయి, ఒరిజినల్ అంటే ధర ఫోను స్థాయిని బట్టి. అమెరికాలో 799 డాలర్లకు వచ్చిన ఐఫోన్ 15కి వారంటీ లేకుండా ఆపిల్ డిస్‌ప్లే మార్చాలంటే 279 డాలర్లు. ఫోను ధరలో 35 శాతం. చెయ్యి జారే అలవాటున్నవాళ్ళు పైన వేసిన 1,250కి ఇది కూడా కలుపుకోవాలి.

ఈఎంఐ దగ్గరకొద్దాం. 80 వేలకు 16 శాతం వడ్డీతో 24 నెలల వాయిదా 3,917. మొత్తం కట్టేది 94 వేల పైచిలుకు, వడ్డీ 14 వేలు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి మళ్ళీ 18 శాతం జీఎస్టీ, ఇంకో 2,500. నెలకు 1,250 కాస్తా 1,600 దగ్గరకు చేరుతుంది. "నో కాస్ట్" అన్నదాంట్లోనూ వడ్డీ మాయం కాదు. 12 నెలలకు 6,500 చిల్లర వడ్డీ ఉంటుంది, దాన్ని ముందే ధరలో తగ్గిస్తారు. దాని మీది జీఎస్టీ 1,174, పైన ప్రాసెసింగ్ ఫీజు మీవే. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. రొక్కమిస్తే తగ్గింపు ఎంతో ముందు అడగండి.

స్టోరేజీ కూడా అంతే. ఐఫోన్ 15 వచ్చినప్పుడు 128 నుంచి 256 జీబీకి వెళ్ళడానికి 10 వేలు అయ్యేది. గూగుల్‌లో 100 జీబీ ఏడాదికి 1,300 చొప్పున నాలుగేళ్ళకు 5,200. దాదాపు సగం.

ఇక మనవాళ్ళకు మాత్రమే ఉన్న దారి, డాలస్‌లో ఉన్న బావగారు. 2024లో ఐఫోన్ 16 ప్రో అక్కడ 999 డాలర్లు, ఇక్కడ 1,19,900. టెక్సాస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం కలిపి, డాలరు 84 వేస్తే 90,800. మిగిలేది 29 వేలు, తక్కువేం కాదు. అదే ఐఫోన్ 15కి అప్పటి 83 రూపాయల లెక్కన మిగిలింది 8 వేలే. ప్రో ఫోన్లకే ఈ దారి పనికొస్తుంది. చిక్కొకటుంది: అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022 నాటి 14 నుంచి సిమ్ పెట్టే జాగాయే లేదు, ఈసిమ్ ఒక్కటే. ఊళ్ళో ఫోను చచ్చిపోతే సిమ్ తీసి నాన్నగారి ఫోనులో వేసుకుందామంటే కుదరదు. సీలు తీయని డబ్బా తెప్పిస్తుంటే కస్టమ్స్ నిబంధనలూ చూసుకోవాలి.

ఎవరినీ బతిమాలకుండా తగ్గించుకునే మార్గం ఆగడం. ఐఫోన్ 16 రాగానే 15 ధర 69,900కి దిగింది. ఏడాది ఓపిక పట్టినందుకు నెలకు 833. కాకపోతే పాత మోడల్ కొనేటప్పుడు ఒక సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఏడేళ్ళ అప్‌డేట్లను మీరు కొన్న రోజు నుంచి లెక్కపెట్టరు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచే లెక్కపెడతారు. రెండేళ్ళ కిందటి ఏడేళ్ళ ఫోను సగం ధరకు దొరికితే సంతోషంగా కొనండి, భాగించేటప్పుడు మాత్రం 84తో కాదు, 60తో.