లావుగా ఉన్నవారి రక్తనాళాలు – మందులు చేసే పని, ఇంటివారు చేయవలసిన పని

గుండె నుండి శరీరమంతటికీ రక్తాన్ని తీసుకువెళ్లే గొట్టాలను ధమనులు అంటారు. ఆరోగ్యంగా ఉన్న ధమని గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంచెం సాగి, మళ్లీ మామూలుగా అవుతుంది. పొలంలో మోటారుకు బిగించిన కొత్త రబ్బరు పైపు మెత్తగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న పైపు బిరుసెక్కుతుంది. ధమనులు కూడా అలా బిరుసెక్కితే గుండెకు శ్రమ పెరుగుతుంది. మెదడులో, కిడ్నీలలో ఉండే సన్నని నాళాలు దెబ్బతింటాయి. పక్షవాతం, కిడ్నీ జబ్బు రావడానికి ఇదొక కారణం.

లావుకు, దీనికి సంబంధమేమిటి?

వయసుతోపాటు అందరి ధమనులూ కొంత బిరుసెక్కుతాయి. పొట్ట పెరిగినవారికి ఇది ముందుగానే మొదలవుతుంది. పొట్టలోని కొవ్వు నాళాల గోడలకు హాని చేసే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది, బి.పి.ని, షుగరును పెంచుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో రోజంతా కూర్చుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు తప్పక కొలుచుకోండి.

పెద్దవారికి బి.పి. 160/70 ఉంటే "కింది అంకె బాగానే ఉంది కదా" అని ఊరుకోవద్దు. రెండు అంకెల మధ్య తేడా 60 దాటడం ధమనులు బిరుసెక్కాయనడానికి ఒక గుర్తు.

ఏ మందులు వాడతారు?

కేవలం ధమనులను మెత్తబరచడానికే ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకు లేదు. అయితే కొన్ని బి.పి. మాత్రలు ఆ మేలు కూడా చేస్తాయి.

• టెల్మిసార్టన్, రామిప్రిల్: నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థం పని చేయకుండా చూస్తాయి. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది. గర్భిణులు ఈ రెండూ వాడరాదు.
• ఆమ్లోడిపిన్: నాళాల గోడలోని కండరాన్ని సడలిస్తుంది. కొందరికి పాదాలు వాస్తాయి.
• అటోర్వాస్టాటిన్: చెడు కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది.

బరువు తగ్గించే వారానికొక ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి వచ్చాయి. వీటిలో సెమాగ్లుటైడ్‌ను గుండె జబ్బు ఉండి బరువు ఎక్కువున్న 17,604 మందిపై పరీక్షించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. డాక్టరు చూడకుండా మెడికల్ షాపులో కొని వేయించుకోవద్దు.

"బి.పి. నార్మల్ వచ్చింది, మాత్ర ఆపవచ్చా?"

ఆపవద్దు. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లనే. ఆపితే బి.పి. మళ్లీ పెరుగుతుంది, కాని పెరిగినట్టు రోగికి తెలియదు. చాలామందికి పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది. దగ్గు, వాపు వంటి ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు. ఖర్చు భారమైతే దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఇంటివారు చేయవలసినవి

• రోజూ ఒకే వేళకు మాత్ర మింగించండి.
• ఒక మనిషికి రోజుకు ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు, మించరాదు. తొక్కు, అప్పడాలలోని ఉప్పు కూడా ఇందులోనే లెక్క.
• వారానికి 5 రోజులు 30 నిమిషాల చొప్పున నడిపించండి, మీరూ వెంట నడవండి.
• 80 కిలోల మనిషి 4 నుండి 8 కిలోలు తగ్గినా ఎంతో మేలు.
• బీడీ, సిగరెట్ మాన్పించండి.

మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

మాత్ర రాయడం డాక్టరు పని. అది రోజూ రోగి కడుపులో పడేలా చూడడం మీ పని.