స్ఫటికముపై కాంతిశాసనము

బెజవాడకు చేరువనున్న ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ గారికి శిష్యుడై, పిమ్మట వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు భౌతికశాస్త్రము బోధించిన సూరి భగవంతము గారు, స్ఫటికములోని సౌష్ఠవమును గణించినచో దానికి ఏ గుణములు సాధ్యములో, ఏవి అసాధ్యములో ప్రయోగమునకు ముందే తెలియునని తమ గ్రంథములందు నిరూపించిరి. కాంతితో పదార్థముల గుణములను మార్చు నేటి విద్య ఎంత క్రొత్తదైనను, ఆ గణితమే దానికి మూలము.

బాహ్యక్షేత్రమును తొలగించినను తమ దిశను నిలుపుకొను స్ఫటికములు ఫెర్రోయిక్ పదార్థములు. అయస్కాంతదిశను నిలుపునవి కొన్ని, విద్యుద్ధ్రువణమును నిలుపునవి కొన్ని. రెండవ జాతిని 1920లో అమెరికాలో జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణమునందు మొదట గుర్తించెను. ఆ జాతికే చెందిన బేరియం టైటనేటునందు ఆరు ఆక్సిజన్ అయానుల నట్టనడుమ నుండవలసిన టైటానియం అయాను, ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలకు దిగినంతనే కేంద్రమును వీడి ఒక ప్రక్కకు జరుగును. కృష్ణా డెల్టా చేలలో వరివెన్నులు గాలివాటున ఒకే వైపున కొరగినట్లు అయానులన్నియు ఒకే దిశకు జరిగినచోట ధ్రువణ మేర్పడును.

ఆ దిశను మార్చుటకు చిరకాలము విద్యుత్క్షేత్రములు, అయస్కాంతక్షేత్రములే సాధనములు. కాంతియు సాధనమగుటకు దారి లేజరుతో తెఱచుకొనెను: 1960లో మైమన్ కెంపు లేజరును వెలిగించెను. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మురూ కాంతిస్పందమును ముందు సాగదీసి, బలపఱచి, మరల కుదించు ఉపాయమును కనిపెట్టిరి. నలుబది ఫెమ్టోసెకండ్ల స్పందము ముగియులోపల కాంతి నడచు దూరము 12 మైక్రోమీటర్లు మాత్రమే. అంతటి క్షణికకాంతి తాకినపుడు నికెల్ పొరలోని అయస్కాంతత్వము పికోసెకండైనను గడవకమునుపే క్షీణించుట 1996లో ఫ్రాన్సున తేలినది. 2007లో నెదర్లాండ్సునందలి నైమెగన్ శాస్త్రజ్ఞులు గడోలినియం, ఇనుము, కోబాల్టుల మిశ్రలోహముపై వలయధ్రువిత స్పందములను ప్రసరింపజేయగా, ఆ కాంతి కుడికి తిరుగునదో ఎడమకు తిరుగునదో దానినిబట్టియే అయస్కాంతదిశ నిర్ణీతమయ్యెను. కాంతికణమగు ఫోటానునకు ఇట్టి తిరుగుడుగుణము, అనగా స్పిన్, కలదని 1931లో రామన్, భగవంతములు ప్రయోగపూర్వకముగ చూపిన సంగతి ఇచట సగర్వముగ స్మరణీయము.

స్ట్రాన్షియం టైటనేటు కథ మఱింత విచిత్రము. పరమశూన్యము దరిదాపులకు చల్లార్చినను, క్వాంటం చాంచల్యమువలన అది ధ్రువణము పొందదు. 2019లో హాంబర్గు పరిశోధకులు జాలకకంపనమున కనువైన పరారుణ స్పందములతో దానిని కదిలింపగా, ధ్రువణలక్షణము పొడసూపి, కాంతి ఆగిన పిదపను గంటలకొలది నిలిచెను.

ఇచట కార్యసాధకము తీవ్రత ఒక్కటియే కాదు. ఏ కంపనము ఏ కాంతికి స్పందించునో తెలిసికొనుటయు ముఖ్యము. ఆ వివేకమును సౌష్ఠవమును గణించు సమూహసిద్ధాంతము ప్రసాదించును. దానిని భౌతికసమస్యల కన్వయించి భగవంతము, వేంకటరాయుడు గారలు రచించిన గ్రంథము 1948లో వాల్తేరునుండియే వెలువడినది. శీఘ్రతరమైన స్మృతిసాధనములను నిర్మింపగోరు మన డెల్టా యువకులు లేజరు ముందు నిలుచుటకు పూర్వము ఆ గణితమును అభ్యసింతురుగాక. ఏ స్ఫటికమునకు ఏ కాంతి తగునో నిర్ణయించుటకు అంతకన్న దగ్గఱి దారి లేదు.