లక్ష దాటిన ఫోన్: కొనే ముందు ఈ ఒక్క లెక్క వేయండి

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, జీతం పాతిక వేలు. "అన్నా, లక్షా ముప్పై వేల ఫోన్ ఈఎంఐలో తీసుకుంటున్నా, 24 నెలలు. వర్తేనా?" అని అడిగాడు. నెలకి దాదాపు 5,400. అంటే జీతంలో ఐదో వంతు కన్నా ఎక్కువే. వాడికి చెప్పిందే మీకూ చెప్తా.

ముందు, ధరలు ఎందుకింత పెరిగాయో చూద్దాం. 2014లో వన్‌ప్లస్ వన్ మన దగ్గర 21,999కి వచ్చింది. 2025 జనవరిలో వన్‌ప్లస్ 13 స్టార్టింగ్ ధర 69,999. పెద్ద కెమెరా సెన్సర్లు, ఖరీదైన చిప్, బ్రైట్ డిస్‌ప్లే... వీటన్నిటికీ ఖర్చవుతుంది, నిజమే. కానీ కథ అంతే కాదు.

ఐఫోన్ టెన్ 2017లో అమెరికాలో 999 డాలర్లు. 2024లో ఐఫోన్ 16 ప్రో కూడా అక్కడ 999 డాలర్లే! మరి మన దగ్గర? 89,000 కాస్తా 1,19,900 అయింది. ఎందుకంటే అప్పుడు డాలర్ సుమారు 65 రూపాయలు, తర్వాత 84 దగ్గరికి వచ్చింది. ఆ ఒక్క తేడాకే దాదాపు 19 వేలు. దానికి తోడు 2020 ఏప్రిల్‌లో ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. దిగుమతి సుంకం కూడా 10 నుంచి 20 దాకా వెళ్లి, 2024 జులైలో 15కి దిగింది. అంటే మనం ఎక్స్‌ట్రా కట్టేదంతా ఫీచర్ల కోసమే అనుకుంటే పొరపాటే.

ఇప్పుడు అసలు లెక్క. ఫోన్ ధర కాదు, ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. గెలాక్సీ ఎస్24 సిరీస్‌కి, పిక్సెల్ 8కి ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామని కంపెనీలు ప్రకటించాయి. లక్షా ముప్పై వేల ఫోన్ నిజంగా ఏడేళ్లు వాడితే ఏడాదికి 18,500 చిల్లర. మధ్యలో బ్యాటరీ మార్పించడం అదనం. అదే రెండేళ్లకి సగం ధరకి అమ్మేశారనుకోండి, ఏడాదికి 32,500! ముప్పై వేల ఫోన్ మూడేళ్లు వాడి పక్కన పడేసినా ఏడాదికి పది వేలే.

మరి ఆ తేడాకి ఏం వస్తుంది? దూరం నుంచి జూమ్, రాత్రిపూట ఫోటోలు, వణక్కుండా వీడియో. వీటిలో ఫ్లాగ్‌షిప్ ముందుంటుంది, ఒప్పుకోవాల్సిందే. పెళ్లి వీడియోలు, రీల్స్ తీసి సంపాదించేవాళ్లకి అది పనిముట్టు. వాట్సాప్, యూట్యూబ్, యూపీఐకి అయితే ముప్పై వేల ఫోన్‌లోనే 120 హెర్ట్జ్ అమోలెడ్ స్క్రీన్, 5జీ వచ్చేస్తున్నాయి. రోజువారీ వాడకంలో తేడా పెద్దగా తెలీదు.

ఇక 'నో కాస్ట్ ఈఎంఐ'. పేరు చూసి మోసపోకండి. వడ్డీని డిస్కౌంట్ రూపంలో సర్దుతారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన నెత్తినే పడుతుంది. చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే కొన్నా. ఇంకా ఆరు ఈఎంఐలు ఉండగానే ఫోన్ బండి మీంచి జారి స్క్రీన్ పగిలింది. రిపేర్‌కి డబ్బుల్లేక డ్రాయర్‌లో పడేశా. ఆరు నెలలు ఆ డ్రాయర్‌లో ఫోన్‌కే ఈఎంఐ కట్టా!

అందుకే తమ్ముడికి చెప్పింది ఇదే. ఫ్లాగ్‌షిప్పే కావాలంటే పోయినేడాది మోడల్ చూడు, ధర బాగా దిగుతుంది. కాకపోతే అప్‌డేట్ల లెక్క లాంచ్ రోజు నుంచే మొదలవుతుంది, అది గుర్తుంచుకో. కనీసం ఐదేళ్లు వాడతానని నీకు నువ్వు మాటివ్వగలిగితేనే కొను. లేదంటే ముప్పై వేలలో తీసుకుని, ఆ మిగిలే ఈఎంఐ డబ్బులు బ్యాంకులో వేసుకో.

వాడు కాసేపు ఆలోచించి, "అన్నా, ముందు ఆ ముప్పై వేల లిస్టు పంపు" అన్నాడు. ఆ లిస్టు నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.