ఆరేళ్ళ పిల్ల ధైర్యం: మెచ్చుకోవాలా, విచారించాలా?

ఒక సినిమా చూసి ఇంటిల్లిపాదీ ఒకే మాట అంటే, ఆ సినిమాలో చెప్పుకోదగినంత విశేషం లేదని నా అనుమానం. అట్లా కాక, భోజనాల దగ్గర మొదలైన వాదన చేతులు ఎండిపోయినా తెగలేదంటే మాత్రం అందులో ఏదో సరుకు ఉన్నట్లే. మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో అటువంటి వాదన ఒకటి జరిగింది. దానికి కారణం 2012లో వచ్చిన ఒక అమెరికా చిత్రం. పేరు 'బీస్ట్స్ ఆఫ్ ది సదరన్ వైల్డ్'. దక్షిణపు అడవిమృగాలు అని తెలుగులో చెప్పుకోవచ్చు.

ముందు కథ చెబుతాను. లూయిసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది సముద్రంలో కలిసేచోట, బురదనేలలు, పిల్లకాలువలు ఉన్న ప్రాంతం అది. అక్కడ పెద్ద కరకట్ట. కట్టకు ఇవతల ఊళ్ళు, కర్మాగారాలు. అవతల, సముద్రం వైపున, 'బాత్‌టబ్' అనే చిన్న పల్లె. పేరుకు తగ్గట్లే నీళ్ళు వచ్చాయంటే తొట్టిలాగా నిండిపోతుంది. అందులో ఆరేళ్ళ పిల్ల హష్‌పప్పీ, దాని తండ్రి వింక్. హష్‌పప్పీ అంటే ఆ దేశపు దక్షిణాదివారు మొక్కజొన్నపిండితో వేయించుకునే చిరుతిండి. మన పునుగుల వంటిదన్నమాట. తల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది. తండ్రి తాగుతాడు, కసురుతాడు, పైగా రహస్యంగా జబ్బుపడి ఉన్నాడు. పిల్ల వేరే గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. కనిపించిన కోడినీ పిట్టనూ చెవి దగ్గర పెట్టుకుని గుండె చప్పుడు వింటుంది.

ఒకరోజు కోపం వచ్చి తండ్రి గుండెమీద పిడికిలితో గుద్దుతుంది. అతడు కూలిపోతాడు. అదే సమయానికి ఉరుము ఉరుముతుంది. పసిదానికి లోకమంతా తనవల్లనే విరిగిపోయిందని భయం. ఇక తుపాను రావడం, పల్లె మునగడం, అధికారులు వచ్చి అందరినీ బలవంతంగా శిబిరానికి తరలించడం, అక్కడినుంచి వాళ్ళు పారిపోవడం, తండ్రి మరణం. వీటన్నిటి మధ్యా మంచుగడ్డల్లోంచి లేచి వచ్చిన కొమ్ముల మృగాలు పిల్లవైపు పరుగెత్తుకు వస్తూంటాయి. చివరకు ఆ పిల్ల వాటికి ఎదురుగా నిలబడుతుంది.

ఇది పెద్ద కంపెనీలు తీసిన చిత్రం కాదు. దర్శకుడు బెన్ జైట్లిన్‌కు ఇది మొదటి పూర్తి నిడివి చిత్రం. లూసీ అలిబార్ అనే ఆమె రాసిన చిన్న నాటకాన్ని ఆధారం చేసుకుని ఇద్దరూ కలిసి కథ అల్లారు. నాటకంలో హష్‌పప్పీ మగపిల్లవాడు. ఖర్చు సుమారు 18 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర డబ్బు. తండ్రి వేషం కట్టిన డ్వైట్ హెన్రీ నటుడే కాదు. న్యూ ఆర్లియన్స్‌లో రొట్టెల దుకాణం నడిపేవాడు. దుకాణం వదిలి రానని మొదట ఒప్పుకోలేదట. పిల్ల క్వవెంజనే వాలిస్ ఎంపికకు వచ్చేనాటికి అయిదేళ్ళది. ఆరేళ్ళు నిండినవాళ్ళే రావాలన్న నియమాన్ని తప్పించుకుని వచ్చింది. 2013 ఆస్కార్ పోటీలో ఉత్తమ నటి బహుమానానికి పేర్కొన్న అయిదుగురిలో ఈమె ఒకతె. అప్పటికి తొమ్మిదేళ్ళు. అంత చిన్న వయస్సులో ఆ పోటీకి నిలిచినవారు అంతకుముందు లేరు. అదే పోటీలో ఫ్రెంచి నటి ఎమాన్యుయెల్ రివా వయస్సు 85! అంతకుముందే సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి, కాన్ చిత్రోత్సవంలో తొలిచిత్రానికిచ్చే కెమెరా డోర్ ఈ చిత్రానికి వచ్చాయి.

ఇన్ని బహుమానాలు వచ్చిన చిత్రం గదా అని అందరం కూర్చున్నాం. మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, మా అమ్మ, మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మిత్రుడు, నేను. ఆ ప్రాంతపు యాస సగం అర్థం కాక, క్రింద అక్షరాలు పెట్టుకున్నాం. అమ్మకు మా అమ్మాయి తెలుగులో చెబుతూ వచ్చింది.

మొదటి తీర్పు మిత్రుడిది. "దరిద్రానికి రంగులు పూసి పండుగ చేశారండీ. బడి లేదు, వైద్యం లేదు, తాగుబోతు తండ్రి. దీన్ని స్వేచ్ఛ అంటారా?" అన్నాడు. ఆయన ఒక్కడే కాదు. అమెరికాలో ప్రసిద్ధ నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ కూడా ఆ రోజుల్లోనే ఈ చిత్రాన్ని గట్టిగా విమర్శించింది. నల్లజాతి పసిపిల్లకు జరిగే హింసను సాహసగాథగా చూపించి మెప్పు పొందారని ఆమె ఆక్షేపణ. మరోవైపు రోజర్ ఎబర్ట్ వంటి పేరుపడ్డ విమర్శకుడు తన లెక్కలో అత్యున్నతమైన నాలుగు నక్షత్రాలు ఇచ్చాడు. పండితులే ఇట్లా విడిపోతే మన సంగతి చెప్పాలా!

మా ఆవిడకు మృగాలు నచ్చలేదు. "పందులకు కొమ్ములు కట్టినట్లున్నాయి" అన్నది. ఆమె అన్నది అక్షరాలా నిజమే. పెంపుడు పందులకు బొచ్చు తొడిగి కొమ్ములు అమర్చి ఆ దృశ్యాలు తీశారు. చిత్రంలో వాటిని ఆరాక్స్ అంటారు. నిజమైన ఆరాక్స్ అడవిపశువులు, మన ఆవులకూ ఎద్దులకూ పూర్వీకులు. వాటిలో చివరిది 1627లో పోలండ్‌లో చచ్చిపోయింది. పందికీ వాటికీ పోలిక లేదు. నేను ఈ పాండిత్యమంతా వెళ్ళబోస్తూంటే మా అమ్మాయి అడ్డం వచ్చింది. "ఆ పిల్లకు భయం వేసినప్పుడే అవి కనిపిస్తున్నాయి, మీరు చూడలేదా నాన్నా?" అన్నది. నేను చూడలేదు. చరిత్ర సరిపోయిందా లేదా అని చూస్తున్నాను.

అసలు వాదన శిబిరం దృశ్యం దగ్గర వచ్చింది. అక్కడ పిల్లకు స్నానం చేయించి, తల దువ్వి, నీలం గౌను తొడుగుతారు. మా ఆవిడ నిట్టూర్చి, "ఇన్నాళ్ళకు ఆ పిల్లకు ఎవరో తల దువ్వారు" అన్నది. మిత్రుడు, "అదే నేననేది. ప్రభుత్వం చేసింది న్యాయం. వాళ్ళు పారిపోవడం మూర్ఖత్వం" అన్నాడు.

అంతదాకా మా అమ్మ నోరు మెదపలేదు. అంతకుముందు ఒక్కసారి మాత్రం మాట్లాడింది. తుపాను తరువాత నీళ్ళు నిలిచి చెట్లూ జంతువులూ చచ్చిపోతూంటే, వింక్, అతని మిత్రులూ కట్టను పేల్చడానికి బయలుదేరతారు. ఎందుకో మాకు అంతుపట్టలేదు. అమ్మ, "ఉప్పునీళ్ళురా. అవి పోకపోతే నేల చస్తుంది" అన్నది.

ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పదిహేడేళ్ళు. మా మిత్రుడి మాటకు జవాబుగా ఆమె చెప్పింది ఇంతే: "శిబిరంలో అన్నం పెట్టారు బాబూ, బట్టలిచ్చారు. వాళ్ళ మేలు మరచిపోను. కాని మా నాన్న నెల తిరక్కుండా ఊరికి వెళ్ళిపోయాడు. చేలో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. అయినా వెళ్ళాడు. ఇక్కడ మనల్ని బాధితులు అంటున్నారమ్మా, అక్కడికి పోతే పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరైనా మిగిలి ఉంటారు అన్నాడు."

మిత్రుడు వెంటనే ఏమీ అనలేదు. తరువాత, "అయినా పిల్లకు వైద్యం కావాలి గదండీ" అన్నాడు. అదీ నిజమే.

ఈ కథకు ప్రేరణ ఇచ్చిన ప్రదేశాల్లో ఐల్ ద జాన్ చార్లెస్ అనే లంక ఒకటి. అక్కడ ఉండేవారు ఎక్కువగా అమెరికా ఆదివాసులు. 1955లో 22 వేల ఎకరాలున్న ఆ లంక ఇప్పుడు మూడు వందల ఎకరాల పైచిలుకు మిగిలింది. ఇది ఒక్క సముద్రం చేసిన పని కాదు. నదికి కట్టలు కట్టడంతో ఏటేటా రావలసిన ఒండ్రు ఆగిపోయింది. చమురు కంపెనీల కాలువల వెంట ఉప్పునీరు లోపలికి పాకింది. కొత్త కరకట్ట కట్టేటప్పుడు ఖర్చు గిట్టదని లంకను బయట వదిలేశారు. ఆ ప్రజల తరలింపునకు 2016లో ప్రభుత్వం 4 కోట్ల 80 లక్షల డాలర్లు కేటాయించింది. 2022లో కుటుంబాలు ఉత్తరాన సుమారు నలభై మైళ్ళ దూరంలో కొత్త ఇళ్ళకు చేరాయి. చిత్రంలో కట్టకు అవతల ఊరు ఉండడం కవికల్పన కాదన్నమాట. ఎవరో లెక్కవేసి గీసిన గీత అది.

అందుచేత నాకు తోచిందేమంటే, చిత్రాన్ని మెచ్చినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఒకే పిల్లను రెండువైపులనుంచి చూస్తున్నారు. ఆ పిల్ల గట్టిది. అందులో సందేహం లేదు. కాని ఆరేళ్ళ పిల్ల అంత గట్టిగా ఉండవలసి రావడం పెద్దవాళ్ళ తప్పు. చప్పట్లు కొట్టి ఊరుకుంటే రెండో మాట మరచిపోతాం. జాలిపడి ఊరుకుంటే మొదటిది మరచిపోతాం.

ఆ రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మాయి, "నానమ్మా, ఉప్పెన వచ్చినప్పుడు నీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది.

"ఎందుకు వెయ్యదే? ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే నాకు నిద్ర పట్టదు" అన్నది అమ్మ.

నాకు నలభై దాటాయి. మా అమ్మ ఉప్పెనను చూసిన ధైర్యశాలి అని ఎన్నిచోట్ల గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు. ఆ ప్రశ్న మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు.