అగ్నిమాపకునకు వలసిన గుణములు

గడచిన ఏప్రిల్ మాసమున అగ్నిమాపక సేవా వారోత్సవముల సందర్భమున మా పాఠశాల ఆవరణమునకు ఫైరింజను వచ్చినది. సిబ్బంది నీటిగొట్టమును విప్పి, వేపచెట్టు కొన దాటునట్లు నీటిని చిమ్మి చూపిరి. పిల్లల సంతోషమునకు మేర లేదు. మరునాడు తొమ్మిదవ తరగతిలో "మీలో ఎందరు ఈ యుద్యోగమును కోరుచున్నారు?" అని యడిగితిమి. పదునేడు చేతులు లేచినవి. "అందులకు వలసిన గుణమేది?" అని మరల నడుగగా అందరును ఒక్క గొంతుతో "ధైర్యము" అనిరి. ఆ సమాధానము తప్పు కాదు. కాని యది సగము మాత్రమే. తక్కిన సగమును చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ వారోత్సవములు ఏప్రిల్ 14వ తేదీననే యేల మొదలగునో తెలిసికొన్నచో విషయము సుబోధమగును. 1944వ సంవత్సరమున ఆ తేదీన బొంబాయి విక్టోరియా రేవులో నిలిచియున్న 'ఫోర్ట్ స్టికిన్' అను ఓడలో నిప్పు పుట్టెను. అందు ప్రత్తి బేళ్లును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు కలవు. మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున పొగ కనబడినది. అగ్నిమాపక దళములు వచ్చి టన్నులకొలది నీటిని ఓడలోనికి చిమ్మినవి. ఓడను అచ్చటనే ముంచివేయవలెనా, సముద్రములోనికి లాగించవలెనా యను విషయమున అధికారులకు ఏకాభిప్రాయము కుదరలేదు. నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకే ఓడ బ్రద్దలయ్యెను. అరగంట గడచిన పిమ్మట రెండవ ప్రేలుడు సంభవించెను. వందలకొలది ప్రజలు మరణించిరి. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి స్మృత్యర్థమే ఏటేట 14వ తేదీ మొదలు 20వ తేదీ వరకు ఈ వారోత్సవములు జరుగుచున్నవి.

ఆ దినమున రేవులో ధైర్యమునకు కొరత లేదు. కొరతపడినది సకాలమున ఒక నిశ్చయము. ఒకరి నిశ్చయము ఆలస్యమైనచో మరియొకరి ధైర్యము ఎంతటి మూల్యము చెల్లించవలసి వచ్చునో ఆ 66 మంది మరణము మనకు బోధించుచున్నది. కావున ధైర్యమునకు తోడుగా మొదట వలసినది వివేకము.

వివేకము చదువువలన కలుగును. అగ్ని మండుటకు మూడు వలయును: మండెడు పదార్థము, వేడిమి, ప్రాణవాయువు. ఈ మూటిలో ఒక్కదానిని తొలగించినను మంట ఆరును. కట్టెల మంటపై నీరు పోసినచో వేడిమి తగ్గి అది చల్లారును. కాని బాణలిలోని నూనె అంటుకొన్నప్పుడు అదే నీరు పోసినచో, ఆ నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై మండుచున్న నూనెను నలుదెసలకు చిమ్మును. అప్పుడు పొయ్యి నార్పి, మూత వేసి, గాలి తగులకుండ చేయవలయును. విద్యుత్తు ప్రవహించుచున్న తీగలపై నీరు పోయువానికే ప్రాణాపాయము. వంటగ్యాసు గాలికంటె బరువైనది గావున నేలబారున ప్రాకి దూరమున నున్న నిప్పును సైతము చేరగలదు. మీరు పరీక్షకొరకు వల్లించు విజ్ఞానశాస్త్ర పాఠములే అగ్నిమాపకునకు ప్రాణరక్షణ సూత్రములు.

రెండవ గుణము నిదానము. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో, ఒక వేసవి మధ్యాహ్నమున మా వసతిగృహమునకు చేరువ పల్లెలో ఒక పూరిల్లు అంటుకొన్నది. మేమును పరుగెత్తితిమి. ఫైరింజను దిగిన నాయకుడు గుమిగూడినవారిని రెండే ప్రశ్నలడిగెను: "లోపల ఎవరైనా ఉన్నారా? గ్యాసు బండ ఏ పక్కన ఉంది?" "ఇల్లు కాలిపోతుంటే ప్రశ్నలేమిటయ్యా!" అని జనము కేకలు వేసిరి. మేమును లోలోన వానిని నిందించితిమి. ఒక ముసలమ్మ మాత్రము చేయి చాచి వెనుక వసారాను చూపెను. ఇద్దరు భటులు నీటిజల్లు మాటున పోయి బండను బయటికి తెచ్చిరి. పిమ్మట మంటల నార్పిరి. ఆ ప్రశ్నలకు పట్టిన కాలము అరనిమిషమైనను లేదు. ఆ బండయే ప్రేలియుండినచో, కేకలు వేసినవారిలోను, ఊరకే నిందించిన మాలోను, ఎందరు మిగిలియుందురో చెప్పజాలము. నాటి మా తొందరపాటు తలపునకు వచ్చినప్పుడెల్ల సిగ్గుపడుదుము.

మూడవ గుణము నిగ్రహము. పాడుబావిలో దిగినవాడొకడు ఊపిరాడక పడిపోవును. అన్నయో, మిత్రుడో ఆగలేక వెంటనే దిగును, వాడును పడిపోవును. పత్రికలలో ఇట్టి వార్తలు మీరును చదివియుందురు. వారిది ప్రేమయే, అయినను ప్రేమ విషవాయువును ఆపజాలదు. అగ్నిమాపకుడు శ్వాస పరికరమును ధరించి, నడుమునకు త్రాడు కట్టుకొని, పైనున్నవానికి సైగ తెలిపి, నాయకుని యాజ్ఞయైన పిదపనే దిగును. పైన తల్లి రోదించుచుండగా ఆ కొలది క్షణములు ఆగుట దిగుటకంటె కష్టము. ఆగక దిగినవాడు రక్షకుడు గాక, రక్షింపవలసిన మరియొకడగును.

నాల్గవది దేహదార్ఢ్యము. అగ్నిప్రమాదములందు మంటకంటె పొగయే ఎక్కువగా ప్రాణములు తీయును. అందు రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. వేడిపొగ పైకి లేచును గావున నేలపై ప్రాకుచు పోవలయును. కన్ను కానరాని గదిలో బరువైన దుస్తులతో, వీపున గాలి సిలిండరుతో ప్రాకి, స్పృహ తప్పినవానిని ఈడ్చుకొని వచ్చుటకు ఎంత బలము వలయునో ఊహింపుడు. ఆ బలము ఒక్కనాటిలో రాదు; ప్రతిదినము వ్యాయామము చేసినవానికే వచ్చును.

ఐదవ గుణము శ్రద్ధ. ప్రమాదము లేని దినమున అగ్నిమాపకుడేమి చేయును? వాడిన గొట్టములను కడిగి ఆరవేయును. ఇంజనును నడిపి చూచును. నిచ్చెనలను, త్రాళ్లను పరీక్షించును. ఎవరును చూడని ఈ పనులలో ఒక్కదానిని చేయకయే చేసితినని వ్రాసినచో, మరునాడు ఒక ప్రాణము పోవచ్చును. సత్యసంధత లేనివాడు ఈ యుద్యోగమునకు తగడు.

ఇక దయ. కాలుచున్న ఇంటిముందు నిలిచినవానికి అది కట్టడము కాదు, జీవితము. వానితో మెత్తగా మాటలాడవలయును. మా హోసూరు ప్రాంతమున తమిళము, తెలుగు, కన్నడము మూడును వినబడును. ఆపదలో మనుష్యుని నోట వెడలునది మాతృభాష. "మా అమ్మ లోపల ఉంది" అను మాటను వెంటనే గ్రహింపగలవాడు దళములో నొక్కడున్నను ఎంతో మేలు. కావున తెలుగు బిడ్డలగు మీరు ఆ దళమునకు విలువైన చేర్పగుదురు. అయితే ఒక హితవు. తమిళనాట అగ్నిమాపక భటుల ఎంపికకు పదవ తరగతి ఉత్తీర్ణతయే గాక తమిళ భాషార్హత పరీక్షయు కలదు. తెలుగు బోధించు మేమే చెప్పుచున్నాము: తమిళమును ఉపేక్షింపకుడు.

లేచిన చేతులలో ఐదు బాలికలవి. కొందరు బాలురు నవ్విరి. వారొక విషయము తెలిసికొందురు గాక. 1956లో స్థాపితమైన జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల నాగపురమున కలదు. 2002లో హర్షిణీ కన్హేకర్ అను యువతి అందు మొదటి విద్యార్థినిగా చేరి శిక్షణ పూర్తిచేసెను. పైన చెప్పిన గుణములలో పురుషునకే పరిమితమైనది ఒక్కటియు లేదు.

తుదకు, 2004 జూలై 16న కుంభకోణములోని ఒక పాఠశాలలో వంటయింటి నిప్పు పూరికప్పునకు ప్రాకి 94 మంది పిల్లలు మరణించిరి. వారును మీవలెనే ఉదయము పుస్తకములతో బడికి పోయినవారే. మంట పుట్టిన పిదప ఆర్పువాడు గొప్పవాడు. పుట్టకముందే చూచువాడు అంతకంటె గొప్పవాడు. ఆ పనికి ఉద్యోగము అక్కరలేదు. రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టబడినదా యని చూడుడు. తరగతి వాకిట బల్లలు అడ్డముగా నున్నచో తొలగింపుడు. 101, 112 అను సంఖ్యలను గుర్తుంచుకొని, ఆపదలో చిరునామా స్పష్టముగా చెప్పుడు. వేడుకకు ఎన్నడును పిలువకుడు. ఆ పిలుపు నమ్మి ఇంజను అచ్చటికి పోవునప్పుడు మరియొక ఇల్లు కాలుచుండవచ్చును.

ఆ పదునేడుగురిలో ఒక్కరైనను ఒకనాడు ఆ యూనిఫారముతో మా పాఠశాలకు వచ్చి పిల్లలకు పాఠము చెప్పుదురు గాక యని ఆశీర్వదించుచున్నాము.