ఎన్నికైన కౌంటీ అధిపతి: జాక్సన్ కౌంటీలో హ్యారీ ట్రూమన్ పదవీకాలం

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• అమెరికాలో కౌంటీ ప్రభుత్వ స్వరూపాన్ని వివరించగలుగుతారు.
• ఎన్నికైన కౌంటీ అధిపతికి ఉండే అధికారాలను, పరిమితులను గుర్తించగలుగుతారు.
• ట్రూమన్ కౌంటీ పదవీకాలంలోని ముఖ్య ఘట్టాలను వరసగా చెప్పగలుగుతారు.
• ఒక ప్రజాప్రతినిధి పదవీకాలాన్ని ఏయే ప్రమాణాలతో అంచనా వేయాలో చర్చించగలుగుతారు.

5.1 పరిచయం

హ్యారీ ట్రూమన్ పేరు వినగానే అమెరికా 33వ అధ్యక్షుడు, అణుబాంబు, ప్రచ్ఛన్న యుద్ధం గుర్తుకు వస్తాయి. ఆయన సెనేటులో అడుగు పెట్టింది 1935లో. అంతకు ముందు మొత్తం పదేళ్లు మిస్సోరి రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీ పాలనలో ఉన్నారు. రోడ్లు వేయించడం, పన్నుల లెక్కలు చూడడం, వృద్ధాశ్రమాలు నడపడం అప్పట్లో ఆయన పనులు.

ఈ పదేళ్లను ఒక పాఠంగా తీసుకోవడానికి కారణం ఉంది. ట్రూమన్ వ్యక్తిగా నిజాయితీపరుడు. ఆయనకు టికెట్ ఇప్పించిన పార్టీ ముఠా మాత్రం అవినీతికి పేరుమోసింది. మంచి వ్యక్తి చెడ్డ వ్యవస్థలో పదవి చేపడితే ఏమి చేయగలడు, ఏమి చేయలేడు? స్థానిక ప్రభుత్వాలను చదివే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి ఈ పదవీకాలం చాలావరకు సమాధానం చెబుతుంది.

5.2 కౌంటీ, కౌంటీ కోర్టు

అమెరికాలో రాష్ట్రానికి లోపల ఉండే పాలనా విభాగం కౌంటీ. దేశంలో 3,000కు పైగా కౌంటీలు ఉన్నాయి. మన జిల్లాతో పోల్చుకుంటే అర్థం చేసుకోవడం సులభం కాని, ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన జిల్లాలో కలెక్టరు ప్రభుత్వం నియమించే అధికారి. జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి సభ్యులు తమలో నుండి ఎన్నుకుంటారు. జాక్సన్ కౌంటీలో పాలనాధిపతిని ఓటర్లే నేరుగా ఎన్నుకునేవారు.

అమెరికా కౌంటీల పాలన ఇప్పుడు మూడు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది, కొద్దిమంది సభ్యుల బోర్డే చట్టాలనూ పాలననూ చూసే పద్ధతి. రెండవది, బోర్డు ఒక మేనేజరును నియమించే పద్ధతి. మూడవది, ప్రజలు ఎన్నుకున్న కౌంటీ ఎగ్జిక్యూటివ్ పాలన సాగించే పద్ధతి. ట్రూమన్ కాలంలో జాక్సన్ కౌంటీ మొదటి పద్ధతిలో ఉండేది.

ఆ బోర్డును కౌంటీ కోర్టు అనేవారు. సభ్యులను జడ్జిలు అనేవారు. జవాబు పత్రాలలో తరచు కనిపించే పొరపాటు ఇక్కడే జరుగుతుంది: ట్రూమన్ న్యాయమూర్తిగా పనిచేశాడని రాసేస్తారు. అది సరి కాదు. ఈ కోర్టు వ్యాజ్యాలు విచారించి తీర్పులు చెప్పే న్యాయస్థానం కాదు. ఇంగ్లండు సంప్రదాయంలో స్థానిక మేజిస్ట్రేట్లే రోడ్లు, పేదల సంరక్షణ వంటి పనులు చూసేవారు. ఆ పేరు అమెరికాకు వలస వచ్చి, పని మారినా నిలిచిపోయింది.

జాక్సన్ కౌంటీ కోర్టులో ముగ్గురు జడ్జిలు. కాన్సాస్ సిటీ ఉన్న పశ్చిమ భాగం నుండి ఒకరు, ఇండిపెండెన్స్ పట్టణం, పల్లెలు ఉన్న తూర్పు భాగం నుండి ఒకరు, కౌంటీ మొత్తం ఎన్నుకునే ప్రిసైడింగ్ జడ్జి ఒకరు. మొదటి ఇద్దరికి రెండేళ్లు, ప్రిసైడింగ్ జడ్జికి నాలుగేళ్లు పదవీకాలం. ప్రిసైడింగ్ జడ్జి అధిపతే అయినా, నిర్ణయాలలో ఆయనకు ఉన్నది మూడు ఓట్లలో ఒక ఓటు. ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోండి. ముందు ముందు దీని అవసరం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
కౌంటీ కోర్టును న్యాయస్థానంగా ఎందుకు పరిగణించరాదు?

5.3 రాజకీయ ప్రవేశం: 1922–1926

ట్రూమన్ 1884లో మిస్సోరిలోని లామర్‌లో పుట్టారు. గ్రాండ్‌వ్యూలో కుటుంబ పొలం సాగు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళానికి కెప్టెనుగా ఫ్రాన్సులో పనిచేశారు. తిరిగి వచ్చాక మిత్రుడు ఎడ్డీ జాకబ్సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవారి దుస్తుల దుకాణం పెట్టారు. 1922లో దుకాణం మూతపడింది. అప్పులు మిగిలాయి. ఆయన దివాలా ప్రకటించలేదు. ఆ బాకీలను చాలా ఏళ్లు తీరుస్తూ వచ్చారు.

ఆ సమయంలోనే రాజకీయ ఆహ్వానం వచ్చింది. కాన్సాస్ సిటీ డెమొక్రటిక్ పార్టీలో రెండు ముఠాలు ఉండేవి. టామ్ పెండర్‌గాస్ట్ నాయకత్వంలోని ముఠాకు మేకలు అనీ, షానన్ ముఠాకు కుందేళ్లు అనీ పేర్లు. పెండర్‌గాస్ట్‌కు పెద్ద పదవి ఏదీ లేదు. పేదలకు బొగ్గు, తిండి, ఉద్యోగం ఇప్పించడం, బదులుగా ఓట్లు రాబట్టడం ఆయన పద్ధతి. దీనినే రాజనీతిశాస్త్రంలో పార్టీ యంత్రం అంటారు. టామ్ సోదరుడి కొడుకు జిమ్ సైన్యంలో ట్రూమన్‌కు పరిచయం. ఆ పరిచయంతో పెండర్‌గాస్ట్ కుటుంబం ఆయనను తూర్పు భాగం జడ్జి పదవికి నిలబెట్టింది. 1922 ఆగస్టులో జరిగిన పార్టీ ప్రాథమిక ఎన్నికలో ట్రూమన్ 300 లోపు ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కారు. నవంబరులో గెలిచి, 1923 జనవరిలో పదవి చేపట్టారు.

ముగ్గురు జడ్జిలలో ప్రిసైడింగ్ జడ్జి కుందేళ్ల ముఠా మనిషి. ట్రూమన్, పశ్చిమ భాగం జడ్జి మెకెల్రాయ్ ఇద్దరూ మేకల ముఠా. రెండు ఓట్లు వీరివి కాబట్టి అధిపతి నామమాత్రం అయిపోయాడు. ఈ ఇద్దరూ కౌంటీ అప్పును గణనీయంగా తగ్గించారు. అదే ఊపులో ఉద్యోగాలన్నీ తమ ముఠా వారికే ఇచ్చారు. ఫలితం 1924లో కనిపించింది. ఆగ్రహించిన కుందేళ్ల ముఠా సహకరించలేదు. ట్రూమన్ రిపబ్లికన్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. పొదుపు చేసిన పాలకుణ్ణి ఓడించింది ఆయన చేసిన పొదుపు కాదు, పంచిన ఉద్యోగాలు.

ఆయనకు కళాశాల పట్టా లేదు. జడ్జిగా ఉన్నప్పుడు రాత్రి తరగతులలో న్యాయశాస్త్రం చదివారు. 1923 నుండి 1925 వరకు సాగిన ఆ చదువు పూర్తి కాలేదు. ఓటమి తరవాత ఆటోమొబైల్ క్లబ్బు సభ్యత్వాలు అమ్మి ఇల్లు గడుపుకున్నారు. 1926లో ప్రిసైడింగ్ జడ్జిగా ఎన్నికయ్యారు. 1930లో భారీ ఆధిక్యంతో తిరిగి గెలిచారు.

5.4 రోడ్ల బాండ్లు, టెండర్లు

1927 జనవరిలో పదవి చేపట్టేనాటికి కౌంటీ రోడ్లు అధ్వాన్నంగా ఉన్నాయి. పలచని పూతతో వేసిన రోడ్లు ఒకటి రెండు శీతకాలాలకే పగిలిపోయేవి. ట్రూమన్ ముందుగా సర్వే చేయించారు. ఇద్దరు ఇంజనీర్లను నియమించారు. ఒకరు డెమొక్రాట్, మరొకరు రిపబ్లికన్. నివేదికపై పార్టీ ముద్ర పడకుండా చూడడం దీని ఉద్దేశం. సుమారు 220 మైళ్ల, అంటే 350 కిలోమీటర్లకు పైగా, కాంక్రీటు రోడ్లు వేయాలని వారు సూచించారు.

ఖర్చు 65 లక్షల డాలర్లు. ఇంత సొమ్ము బాండ్ల ద్వారా సేకరించాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. కాంట్రాక్టర్ల దోపిడీ తెలిసిన ఓటర్లు ఒప్పుకోరని పెండర్‌గాస్ట్ సందేహించారు. ట్రూమన్ ఊరూరా తిరిగి రెండు మాటలు చెప్పారు: ఏ రోడ్డు ఎక్కడ వస్తుందో ముందే చెప్పడం, అతి తక్కువ ధర కోట్ చేసిన అర్హులకే పని ఇవ్వడం. 1928 మే 8న జరిగిన ఓటింగులో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆమోదం తెలిపారు. ఆ రోజు ఆయన పుట్టినరోజు కూడా.

ఆ తరవాత అసలు పరీక్ష వచ్చింది. తక్కువ ధర కోట్ చేసిన కంపెనీలలో బయటి రాష్ట్రాలవీ ఉన్నాయి. తొలి పనులలో ఒకటి సౌత్ డకోటా కాంట్రాక్టరుకు దక్కింది. అలవాటుగా పనులు పొందుతూ వచ్చిన స్థానిక కాంట్రాక్టర్లు పెండర్‌గాస్ట్‌కు మొరపెట్టుకున్నారు. పెండర్‌గాస్ట్‌కు సొంతంగా రెడీ మిక్స్‌డ్ కాంక్రీట్ కంపెనీ ఉన్న సంగతి ఇక్కడ గమనించాలి. ఆయన ట్రూమన్‌ను పిలిపించి వారి ఎదుట కూర్చోబెట్టారు. ఓటర్లకు ఇచ్చిన మాట తప్పనని ట్రూమన్ చెప్పారు. పెండర్‌గాస్ట్ ఆయనను బలవంతం చేయలేదు. ఇది ట్రూమన్ స్వయంగా చెప్పిన వృత్తాంతం. రోడ్లు అనుకున్న మేరకు పూర్తయ్యాయి కాబట్టి దీనిని కొట్టిపారేయలేం.

పెండర్‌గాస్ట్ ఎందుకు తగ్గారు? ఒక కారణం ఊహించడం కష్టం కాదు. కాన్సాస్ సిటీ ఓట్లు యంత్రం చేతిలో ఉన్నా, పల్లె ఓట్లు అలా లేవు. ఆ ఓట్లు తెచ్చిపెట్టే మచ్చలేని మనిషి యంత్రానికీ అవసరమే. ట్రూమన్ నిజాయితీ యంత్రానికి అడ్డంకి మాత్రమే కాదు, పెట్టుబడి కూడా.

1931లో ఓటర్లు మరో 79 లక్షల 50 వేల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. మరిన్ని రోడ్లతో పాటు కాన్సాస్ సిటీలో కొత్త కౌంటీ భవనం, ఇండిపెండెన్స్‌లో పాత భవన పునర్నిర్మాణం వీటితో జరిగాయి. భవన నమూనా కోసం ట్రూమన్ సొంత కారులో అనేక రాష్ట్రాలు తిరిగారు. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో చూసిన భవనం నచ్చి, దాని వాస్తుశిల్పి ఎడ్వర్డ్ నీల్డ్‌ను సంప్రదింపులకు తీసుకున్నారు. కాన్సాస్ సిటీ భవనం 1934 చివరలో ప్రారంభమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1928 బాండ్లకు ప్రజామోదం లభించడానికి దోహదం చేసిన రెండు అంశాలను పేర్కొనండి.

5.5 తెర వెనుక కథ

ఇంతవరకు చూసినది విజయగాథ. దీనికి మరో పార్శ్వం ఉంది. 1930ల తొలినాళ్లలో ట్రూమన్ కాన్సాస్ సిటీలోని పిక్‌విక్ హోటలులో ఒంటరిగా కూర్చుని కొన్ని కాగితాలు రాసుకున్నారు. ఇవి పిక్‌విక్ పత్రాలుగా ప్రసిద్ధం. ఎవరికీ చూపడానికి రాసినవి కావు.

అందులో ఆయన ఒక విషయం ఒప్పుకున్నారు. సాటి జడ్జి ఒకరు తన వాళ్లకు లాభం చేయాలని పట్టుపట్టారు. ఆయనను తృప్తిపరచడానికి, పెండర్‌గాస్ట్ మిత్రుడైన ఒక మాజీ సారా దుకాణదారు కౌంటీ సాధారణ ఆదాయం నుండి సుమారు 10,000 డాలర్లు కాజేస్తుంటే ట్రూమన్ చూస్తూ ఊరుకున్నారు. అలా చేయకపోతే బాండ్ల సొమ్ములో పది లక్షలో అంతకు మించో దొంగల పాలయ్యేదని ఆయన వాదన. తాను చేసినది సరైనదా, నేరంలో భాగస్వామి అయ్యానా అని తననే ప్రశ్నించుకున్నారు. జవాబు తనకు తెలియదని రాసుకున్నారు.

దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? ముందు చెప్పిన మూడు ఓట్ల లెక్క ఇక్కడ అక్కరకు వస్తుంది. 1923లో ఇద్దరు కలిసి అధిపతిని పక్కన పెట్టారు. ఇప్పుడు అధిపతి స్థానంలో ట్రూమన్ ఉన్నారు. సాటి జడ్జిలిద్దరూ కలిస్తే ఆయనకూ అదే గతి. బాండ్ల సొమ్ముకు ఓటర్లకు ఇచ్చిన మాట, ఇంజనీర్ల నివేదిక, బహిరంగ టెండరు రక్షణగా ఉన్నాయి. సాధారణ ఆదాయానికి, ఉద్యోగ నియామకాలకు అలాంటి కంచె లేదు. అవినీతి కంచె లేని చోట నుండి లోపలికి వచ్చింది.

తన కోసం మాత్రం ఆయన ఏమీ వెనకేసుకోలేదు. కోటికి పైగా డాలర్ల పనులు చేయించిన మనిషి పాత బాకీలతోనే పదవి దిగారు. 1940లో తాకట్టు అప్పు తీరక ఆయన తల్లి పొలం చేజారింది. అయితే విద్యార్థులు ఒక తేడా గ్రహించాలి. తాను దోచుకోకపోవడం ఒకటి, దోపిడీని ఆపగలగడం మరొకటి. మొదటిది వ్యక్తి గుణం. రెండవదానికి గుణంతో పాటు నియమాలు, అధికారం కావాలి.

5.6 తదనంతర పరిణామాలు

1934లో పెండర్‌గాస్ట్ మద్దతుతోనే ట్రూమన్ సెనేటుకు ఎన్నికయ్యారు. ఆ మద్దతు నీడ ఆయనను చాలాకాలం వెంటాడింది. 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేత నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లారు. 1945 జనవరిలో ఆయన చనిపోయినప్పుడు, పదవి చేపట్టి కొద్ది రోజులే అయిన ఉపాధ్యక్షుడు ట్రూమన్ అంత్యక్రియలకు వెళ్లారు. కొందరు దీనిని కృతజ్ఞత అన్నారు, మరికొందరు తప్పుపట్టారు.

కౌంటీలో గడించిన అనుభవం వృథా కాలేదు. 1941లో రక్షణ కాంట్రాక్టుల దుర్వినియోగంపై విచారణకు సెనేటు ఏర్పరచిన సంఘానికి ట్రూమన్ అధ్యక్షులయ్యారు. దేశమంతటా ఆయనకు పేరు తెచ్చింది ఈ సంఘమే. కాంట్రాక్టరు ఎక్కడ మోసం చేస్తాడో ఆయనకు పుస్తకాలు నేర్పలేదు, జాక్సన్ కౌంటీ రోడ్లు నేర్పాయి.

జాక్సన్ కౌంటీ ఆ తరవాత తన వ్యవస్థనే మార్చుకుంది. ఓటర్లు ఆమోదించిన చార్టరు ప్రకారం 1973 నుండి ముగ్గురు జడ్జిల కోర్టు పోయి, ఎన్నికైన కౌంటీ ఎగ్జిక్యూటివ్, ప్రత్యేక శాసనసభ వచ్చాయి. బాధ్యత ఎవరిదో స్పష్టమైంది. ట్రూమన్ 1972 డిసెంబరు 26న, ఈ మార్పుకు కొద్ది రోజుల ముందే కన్నుమూశారు.

5.7 సారాంశం

ఎన్నికైన కౌంటీ అధిపతి పదవీకాలాన్ని అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆయన ఏమి నిర్మించాడు? ఆయన చేతిలో నిజంగా ఉన్న అధికారం ఎంత? సాధించినదానికి ఏ మూల్యం చెల్లించాడు? మొదటి ప్రశ్న ఒక్కటే వేస్తే ట్రూమన్ ఆదర్శ పాలకుడు. మూడవది ఒక్కటే వేస్తే యంత్రానికి తోడ్పడిన మనిషి. మూడూ కలిపి వేసినప్పుడే అసలు రూపం కనిపిస్తుంది. ఓటర్ల ఎదుట బహిరంగంగా ఇచ్చిన మాట, టెండరు నియమం ఉన్న చోట ఆయన నిజాయితీ నిలిచింది. అవి లేని చోట రాజీ పడింది. మంచివారిని ఎన్నుకోవడం ఓటరు పనిలో సగమే. ఆ మంచితనం నిలబడే నియమాలు ఏర్పరచుకోవడం మిగతా సగం.

5.8 ముఖ్య పదాలు

ప్రిసైడింగ్ జడ్జి: కౌంటీ కోర్టుకు అధిపతి, కౌంటీ ఓటర్లంతా ఎన్నుకునే పాలనాధికారి.
పార్టీ యంత్రం: ఉద్యోగాలు, సహాయం పంచి ఓట్లు రాబట్టే వ్యవస్థీకృత ముఠా.
బాండ్లు: నిర్ణీత పనుల కోసం ప్రభుత్వం వడ్డీపై ప్రజల నుండి, సంస్థల నుండి తీసుకునే అప్పు పత్రాలు.

5.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 వరసలలో సమాధానాలు రాయండి.
1. ప్రిసైడింగ్ జడ్జిగా ట్రూమన్ సాధించిన విజయాలను, ఎదుర్కొన్న పరిమితులను వివరించండి.
2. వ్యక్తిగత నిజాయితీ, సంస్థాగత నియమాల మధ్య సంబంధాన్ని జాక్సన్ కౌంటీ ఆధారంగా చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 వరసలలో సమాధానాలు రాయండి.
1. కౌంటీ కోర్టు నిర్మాణాన్ని తెలపండి.
2. 1924లో ట్రూమన్ ఓటమికి కారణాలు ఏవి?
3. మీ జిల్లా పరిషత్ అధ్యక్షుని ఎన్నిక పద్ధతిని, ప్రిసైడింగ్ జడ్జి ఎన్నిక పద్ధతితో పోల్చండి.